దేవుని గూట్లో రెండు ముడుపులు

సోమవారం పొద్దున్నే చంద్రవ్వ తలస్నానం చేసి దేవుని గూడు తుడవడానికి కూర్చుంది. మస్కట్‌లో కొడుకు వీరేందర్ పని చేసే చోట పైనుంచి పడ్డాడని, స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉన్నాడని గంభీరావుపేటకు కబురొచ్చి వారం కావస్తోంది. అప్పటినుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు, ముద్ద గొంతు దిగడం లేదు. దేవుణ్ణి మాత్రం క్షణం ఊపిరి తీసుకోనివ్వడం లేదు.

నిజం చెప్పాలంటే చంద్రవ్వ దేవునికి దండం పెట్టడం తక్కువ, బేరమాడటం ఎక్కువ. కొడుకు ఇల్లు చేరితే కోడెను కడతానని నిరుడే వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి, ముడుపు కట్టి, పటం వెనక దాచింది. ఈ వారంలో ఇంకెన్ని మొక్కిందో ఆమెకే గుర్తులేదు.

పటం జరిపి చూస్తే అక్కడ రెండు ముడుపులున్నాయి.

"రేణుకా, ఇటు రా. గిది ఎవలు కట్టిండ్రు?"

పొయ్యి దగ్గరనుంచి కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముడుపును చూసి తల దించుకుంది. "నేనే అత్తా."

"ఏమని మొక్కినవ్?"

రేణుక కొంగు అంచును వేలికి చుట్టుకుంది.

"దేవునికి చెప్పినదానివి నాకు చెప్పరాదా?"

"ఆయన ఇప్పుడే ఇంటికి రావొద్దని మొక్కిన."

చంద్రవ్వకు ఒళ్ళంతా మండిపోయింది. "నేను రావాలని మొక్కితే నువ్వు రావొద్దని మొక్కినవా? ఒక్క ఇంట్ల ఇద్దరం రెండు దిక్కుల గుంజితిమి, వాడు నడుమిట్ల పడె. గంత పైసల మీద పానమా నీకు? నా కొడుకును పడగొట్టింది నువ్వే."

వారం రోజులుగా ఆ మాటే రేణుక తనకు తాను చెప్పుకుంటోంది. అదే అత్త నోట వినేసరికి తట్టుకోలేకపోయింది.

"పైసలకు కాదత్తా. ఇంటికొచ్చి తాటిచెట్లు ఎక్కుత అన్నడు. నాయిన చెట్టెక్కిన మోకు ఏడున్నదో చూసి తీసిపెట్టు, అవ్వకు చెప్పకు అన్నడు."

చంద్రవ్వ చేతిలోని గుడ్డ జారి కింద పడింది. ఆమె భర్త మొగిలయ్య కల్లుగీత కార్మికుడు. వీరేందర్ బడికి పోయే వయసులో తాటిచెట్టు మీదనుంచి పడి చనిపోయాడు.

"నీ లెక్క నేను చెట్టు కిందికి ఉరుకొద్దనుకున్న," అంది రేణుక ఏడుస్తూ. "ఆడ మస్కట్ల నేల మీదనే పని అని చెప్పిండత్తా. నమ్మిన."

అప్పుడే ఫోన్ మోగింది. మస్కట్‌లో వీరేందర్‌తో ఒకే గదిలో ఉండే రాయికల్ ఊరి నర్సయ్య. ఇద్దరికీ వినబడేలా రేణుక ఫోన్‌ను మధ్యలో పెట్టింది.

"తెలివికొచ్చిండవ్వా. మాట్లాడుతుండు," అన్నాడు నర్సయ్య. "నడుము విరిగిందట. ఇంక నడవడని డాక్టర్లు చెప్పిండ్రు. కాయిదాలు కాంగనే ఇంటికి తోలిస్తరట."

ఫోన్ ఆగిపోయాక రేణుక గోడకు జారగిలబడింది. ఆమె ముఖంలో నవ్వులాంటిదేదో కదిలింది. చూడటానికి భయం వేసింది చంద్రవ్వకు.

"ఇంటికొస్తుండు, నీ మొక్కు తీరింది. చెట్టెక్కడు, నాది తీరింది. ఇద్దరి మాట విన్నడు దేవుడు."

ఇందాక తాను అన్న మాటే ఆ పిల్ల నోట తిరిగొచ్చిందని చంద్రవ్వకు అర్థమైంది. ఆమెకు సిగ్గేసింది. వెళ్ళి కోడలి పక్కన కూలబడింది.

"గట్లనకు బిడ్డా. మీ మామ పడ్డనాడు నేనూ గిట్లనే అనుకున్న. ముందటి సోమారం దీపం పెట్టలే, గందుకే పడ్డడనుకున్న. గా భయంతోనే ఇన్నేండ్లు మొక్కిన. ఒక్కనాడు దేవుని ముందట నిమ్మలంగ కూసోలే." కోడలి చెయ్యి పట్టుకుంది. "నీ మొక్కు వాన్ని పడగొట్టలే. నా మొక్కు వాన్ని తెస్తలే. దేవుడు గసొంటోడు కాదు."

ఆమె లేచి దీపం వెలిగించి వచ్చింది. రేణుక అలవాటుగా చేతులు జోడించింది గానీ, ఏమనుకోవాలో తోచలేదు.

"ఇప్పుడేమని అడుగుదామత్తా?"

"ఏం అడగకు. ఊకె కూసో."

ఇద్దరూ కూర్చున్నారు. మంచం మీది మనిషికి ఇక అన్నీ తామే చేయాలని ఇద్దరికీ తెలుసు. ఆ భయం ఎక్కడికీ పోలేదు. కానీ వారం రోజులుగా చంద్రవ్వ గుండెలో ఆగకుండా సాగుతున్న గొడవ మెల్లగా సద్దుమణిగింది. ఆమె అడగడం మానేసింది. దేవుడు ఎదురుగానే ఉన్నాడనిపించింది. ఆ కాసేపటికి అంతే చాలనిపించింది.

కొంతసేపటికి రేణుక తల అత్త భుజం మీద వాలిపోయింది. కబురొచ్చిన తర్వాత ఆమెకు నిద్ర పట్టడం అదే మొదలు. చంద్రవ్వ కళ్ళనుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి కదిపితే పిల్ల లేస్తుందని అలాగే కూర్చుండిపోయింది.