ఆరు నిమిషాల పాఠం

మా టీచర్ ట్రైనింగ్ కాలేజీలో ముందే పిల్లల్ని మన చేతికివ్వరు. తోటి ట్రైనీలే మూడో తరగతి పిల్లల్లా బెంచీల్లో కూర్చుంటారు. వాళ్లకు ఆరు నిమిషాలు పాఠం చెప్పాలి. సరిగ్గా రాకపోతే మేడం మళ్లీ చెప్పిస్తుంది.

నా మొదటి పాఠం మొక్క భాగాలు. ఇంకా వేరు దగ్గరే ఉన్నాను, చివరి బెంచీలో ఒకమ్మాయి బావురుమంది.

"సార్, వీడు నా పెన్సిల్ కొరికేశాడు సార్."

'వీడు' అంటే ఆరడుగుల గడ్డం మనిషి. దగ్గరికెళ్లి ఆ పంచాయితీ తీర్చేలోపు గంట కొట్టేశారు. కాండం దాకా కూడా వెళ్లలేదు.

బయట ఆమెను ఆపాను. "కాస్త బుద్ధిగా కూర్చుంటే మీ సొమ్మేం పోయింది?"

"రేపు నిజం పిల్లలు బుద్ధిగా కూర్చుంటారా? మీకు ప్రాక్టీసిస్తున్నానండీ. థాంక్స్ చెప్పండి."

ఒళ్లు మండింది. మండుతూనే థాంక్స్ చెప్పాను. నా పని ఆ రోజే అయిపోయింది.

ఏడాది పొడుగునా చివరి బెంచీ (నేను పెట్టిన పేరే) నా ప్రతి పాఠంలోనూ ఏడ్చింది, నిద్రపోయింది, నీళ్లు తాగొస్తానంది. నేను మాత్రం చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేకపోయాను. సోమవారం నుంచి ఇంటర్న్‌షిప్. ఆమె ఒక ఊరి బడికి, నేను ఇంకో ఊరి బడికి. శుక్రవారం దాటితే అంతే సంగతులు.

నోటితో చెప్పే ధైర్యం లేక కాగితం తీశాను. చెయ్యి అలవాటుకొద్దీ లెసన్ ప్లాన్ రాసేసింది. లక్ష్యం: నా ప్రేమ ఆమెకు అర్థం కావడం. బోధనోపకరణం: ఒక గులాబీ. ఆశించే స్పందన: 'సరే'.

దాన్ని లెసన్ ప్లాన్ల రికార్డులో దాచాను. దాచిన సంగతి మరిచి ఆ రికార్డునే తీసుకెళ్లి మేడంకి సంతకానికిచ్చాను.

శుక్రవారం స్టాఫ్ రూం నుంచి పిలుపొచ్చింది. నా ప్రేమ నిండా ఎర్రసిరా.

"లక్ష్యం బాగుంది బాబూ," అంది మేడం కళ్లజోడు సర్దుకుంటూ. "ఉపోద్ఘాతం రెండు పేజీలేంటి? అంతా నువ్వే మాట్లాడేస్తే పిల్ల ఎప్పుడు మాట్లాడుతుంది? వెళ్లి మళ్లీ చెప్పు. పరిశీలనకి మనిషిని పంపిస్తాను."

"మీ కాళ్లు పట్టుకుంటాను, వద్దు మేడం."

"అయితే సంతకం పెట్టను."

ఖాళీ క్లాసులో సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. పరిశీలన పత్రంతో వచ్చింది చివరి బెంచీయే. తిన్నగా వెళ్లి తన చోట కూర్చుంది.

"మొదలెట్టండి సార్."

బోర్డు మీద 'నువ్వంటే నాకు ఇష్టం' అని రాశాను. సుద్దముక్క రెండుసార్లు విరిగింది.

"కనపడట్లేదు సార్. పైకి చదవండి."

"నువ్వంటే నాకు ఇష్టం," అన్నాను. "సోమవారం నుంచి నా క్లాసులో నువ్వు ఏడవ్వని తలుచుకుంటే నాకే ఏడుపొస్తోంది."

మొదటిసారి ఆమె ఏ అల్లరీ చెయ్యలేదు. తల వంచుకుని రాసి, పత్రం నా చేతిలో పెట్టింది.

'ఈ పాఠం విద్యార్థినికి మొక్క భాగాల రోజే వచ్చేసింది. టీచరే వెనకబడ్డాడు. పునశ్చరణ రోజూ ఫోన్లో చేయించాలి. వచ్చిన స్పందన: సరే.'

చదివి తలెత్తాను. ఆమె చేతిలో పెన్సిలుంది. దాని చివరంతా పంటిగాట్లు.

"ఆ గడ్డం అబ్బాయి ఏ పాపం ఎరగడు సార్," అంది. "ఆ రోజు కొరికింది నేనే. మీరు నా బెంచీ దాకా వస్తారని."