సీలు చెదరని సీసా

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి డాక్టరమ్మ వెనక అద్దానికి ఆనుకుని నిలబడే ఉంది. అటెండరు "గుడ్ మార్నింగ్ మేడమ్" అంటూ పక్కకి తప్పుకున్నాడు కూడా. ఆవిడ అలాగే ముందుకు పడింది. మెడ మీద సూది గుచ్చిన చుక్క, అంతే.

"ప్రొఫెషనల్స్ పని," అన్నాడు చీఫ్, ఫోటోని టేబుల్ మీద ముందుకి తోస్తూ.

ఎదురుగా కూర్చున్న ఏజెంటుని డిపార్ట్‌మెంటులో పిల్లి అంటారు. నడిస్తే చప్పుడు కాదు మరి. అతని అసలు పేరు భార్యకి తెలుసు, అసలు ఉద్యోగం మాత్రం తెలియదు. ఆవిడ లెక్కలో ఆయన ఇన్సూరెన్సు ఇన్‌స్పెక్టరు.

"విను. విదేశీ ముఠా. కోడ్ నేమ్ త్రిభుజం. వాళ్ళ దేశంలో నిషేధించిన పురుగుమందుని మన చేలకి అమ్ముతున్నారు. ఒకసారి కొడితే ఓ తరం దాకా పోదు. మట్టిలో ఉంటుంది, నీళ్ళలో ఉంటుంది, మనిషి కొవ్వులో దూరి దాక్కుంటుంది."

"దాక్కుని ఏం చేస్తుంది సార్?"

"చేతులు వణికిస్తుంది. కడుపులు నిలవనివ్వదు. గడ్డలు లేపుతుంది. తొందరేం లేదు దానికి, తీరిగ్గా చేస్తుంది."

చీఫ్ నీళ్ళు తాగి మళ్ళీ అందుకున్నాడు. "డాక్టరమ్మ ఆ మందు కొట్టే ఊళ్ళో తల్లుల పాలు సీసాల్లో పట్టింది. పక్కన పెట్టి పోల్చడానికి, చేను ముఖం చూడని పట్నం తల్లుల పాలు కూడా పట్టింది. ఇవాళే కమిటీ ముందు మెషీన్ మీద పరీక్ష. తేడా తేలితే మందు మీద నిషేధం."

"ముఠా ప్లాన్?"

"పట్నం సీసాల్లో ఒక్కో చుక్క మందు కలపడం. అప్పుడు రెండూ ఒకటే అయిపోతాయి. లాబ్‌లోనే కల్తీ జరిగిందని కమిటీ కేసు కొట్టేస్తుంది. కాబట్టి నువ్వు కాయాల్సింది పట్నం సీసాల్ని. వాటి మీద ఈగ వాలకూడదు."

"వాలదు సార్," అన్నాడు పిల్లి. ఆ మాట ఉద్యోగం కోసం అన్నది కాదు. ఆ సీసాల్లో ఒకటి వాళ్ళింటిదే. డాక్టరమ్మ బయటివాళ్ళని నమ్మక డిపార్ట్‌మెంటు ఇళ్ళలోనే పట్టించింది. ఆఫీసు వాళ్ళ హెల్త్ చెకప్ అని ఇంట్లో అబద్ధమాడితే, భార్య పకపకా నవ్వింది.

"ఇన్సూరెన్సు వాళ్ళ కన్ను చివరికి మన పాప పాల మీద కూడా పడిందా అండీ? ఇవ్వండి సీసా. నా పాలకి ఫస్టు మార్కు రాకపోతే అడగండి. కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప తాగను. కూరగాయలు మూడు నీళ్ళు మార్చి కడుగుతాను."

ఒళ్ళో నాలుగు నెలల పాప తల్లి జాకెట్టు అంచు పట్టుకుని, ఎవరో లాక్కుపోతారన్నట్టు గబగబా తాగుతోంది.

* * *

లాబ్ కోల్డ్ రూమ్‌లో పిల్లి తెల్లకోటు వేసుకుని, అటెండరు వేషంలో బల్ల తుడుస్తున్నాడు. పెట్టుడు మీసం ఆ చలికి ఊడొస్తోంది. మణికట్టు మీద సూది దగ్గరికొస్తే చిమచిమలాడే వాచీ. ఎదుట అరలో పట్నం సీసాలు, మూతల మీద ఎర్ర లక్క సీళ్ళు.

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, వెనక ఆవిడ. నీలం పట్టు చీర, నీలం కళ్ళద్దాలు, ఎత్తుగా కట్టిన ముడి. డిపార్ట్‌మెంటులో నీలి అంటే మగవాళ్ళు ఫైళ్ళు కింద పడేసుకుంటారు.

"ఈ ఏడు చలి ముందే వచ్చింది," అంది.

"కంబళి నా దగ్గరుంది," అన్నాడు పిల్లి. కోడ్ సరిపోయింది. మనిషి మనదే. కానీ వాచీ చిమచిమలాడింది.

"చీఫ్ పిలుస్తున్నాడు. కాసేపు నేను చూస్తాలే."

"సరే మేడమ్." తలుపు దాకా వెళ్ళాడు. మూసిన చప్పుడు చేశాడు గానీ బయటికి పోలేదు.

నీలి ముడిలోంచి పిన్ను లాగింది. అది పిన్ను కాదు, సిరంజి. మొదటి సీసా అందుకుంది. సూది మొన సీలుని తాకబోయే క్షణంలో పిల్లి ఆమె చెయ్యి వెనక్కి విరిచాడు. సిరంజి అతని అరచేతిలో పడింది. నిండుగా ఉంది. ఒక్క చుక్క తగ్గలేదు.

"మీసం ఊడింది," అంది నీలి నొప్పితోనే. "తలుపు చప్పుడుకే మోసపోయాను. జీతానికి ఇరవై రెట్లు ఇస్తామన్నారు వాళ్ళు."

ఆమెకి సంకెళ్ళు వేసి, సీసాలన్నీ దీపం కింద పెట్టి తిప్పి తిప్పి చూశాడు. లక్క మీద గీత లేదు. తన చేతుల్తోనే మెషీన్ గదికి మోసుకెళ్ళాడు. పాప పుట్టినప్పుడు తప్ప అంత జాగ్రత్తగా దేన్నీ ఎత్తుకోలేదు.

* * *

మొదట ఊరి సీసాలు పెట్టారు. స్క్రీన్ మీద ఎర్రగీత నిటారుగా లేచింది. కమిటీ పెద్దలు ముఖాలు చూసుకున్నారు. పిల్లి గుండె ఉప్పొంగింది. తరవాత పట్నం సీసా పెట్టారు.

ఎర్రగీత లేచింది. ఊరి గీతంత ఎత్తు లేదు గానీ, లేచింది. రెండోది లేచింది. అన్నీ లేచాయి.

"కల్తీ," అన్నాడు కమిటీ చైర్మన్ కళ్ళజోడు తీసి. "మందు వాసనే ఎరగని వాళ్ళ పాలలో మందెలా వస్తుంది? లాబ్‌లో ఎవరో కలిపారు. ఈ సాక్ష్యం చెల్లదు."

ఎవరూ కలపలేదు. ఆ సంగతి ఈ భూమి మీద నిక్కచ్చిగా తెలిసింది ఇద్దరికే. ఒకతె సంకెళ్ళతో వరండాలో కూర్చుని ఉంది. పిల్లి కాలర్ మైకులో చీఫ్‌ని పిలిచాడు.

"నేను సాక్ష్యం చెబుతాను సార్. సీళ్ళు నేనే కాశాను. ఆ పాలలో ఉన్నది నిజంగానే ఉంది."

"నువ్వెవరు?" అన్నాడు చీఫ్, మెల్లిగా, జాలిగా. "అలాంటి మనిషి మన దగ్గర లేడు. అలాంటి డిపార్ట్‌మెంటే లేదు. నోరు మూసుకుని బయటికి రా."

వచ్చాడు. ఇన్నేళ్ళు గర్వంగా దాచుకున్న రహస్యమే ఇవాళ సాక్ష్యానికి అడ్డం పడింది. వరండాలో నీలి తలెత్తింది.

"నేను కలపలేదు."

"తెలుసు."

"మరి అంత హంగామా దేనికి చేయించారు మా వాళ్ళు? అప్పటికే ఉన్నదాన్ని..." ఆమె మాట పూర్తి చెయ్యలేదు. "ఆ మొదటి సీసా ఎవరిది?"

"మా ఆవిడది."

నీలి నల్లబడిన ముఖంతో తన మోచేతి మడత కేసి చూసుకుంది. "నా రక్తం కూడా ఒకసారి చూడమను."

పక్క బెంచీ మీద ఊరి నుంచి సాక్ష్యానికొచ్చిన తల్లి లేచి నిలబడింది. కొంగు పట్టుకున్న చెయ్యి ఆగకుండా వణుకుతోంది.

"మా సీసాలు పనికిరాలేదంటగా బాబూ. మళ్ళీ పట్టిద్దామంటే పిల్లాడు పోయాడు. పాలింకిపోయాయి."

పిల్లి దగ్గర గొళ్ళేలు విప్పే పిన్నుంది, గోడలెక్కే బూట్లున్నాయి. వాటిలో ఏదీ ఆమెకి పనికొచ్చేది కాదు.

* * *

ఇంటికొచ్చేసరికి భార్య పాపకి పాలిస్తోంది.

"ఏమండీ, రిజల్టు వచ్చిందా? ఫస్టు మార్కేనా?"

దారిలోనే పిల్లల డాక్టరుకి ఫోన్ చేశాడు. ఆయన సంగతంతా విని, "మాన్పించకండి. తల్లిపాలని మించింది లేదు. డబ్బా పాలు కలిపేది మాత్రం ఏ నీళ్ళతో?" అన్నాడు.

"ఫస్టు మార్కే," అన్నాడు పిల్లి. ఇన్నాళ్ళూ ఆవిడతో ఆడిన అబద్ధాలన్నీ దీని ముందు దిగదుడుపు. పాప పాదం అరచేతిలోకి తీసుకుని అలాగే కూర్చున్నాడు. పాప తాగడం ఆపి, తండ్రిని చూసి నవ్వి, మళ్ళీ తాగడం మొదలెట్టింది.

ఫోన్ మోగింది. చీఫ్.

"కంగ్రాట్స్ పిల్లీ! నీలి దొరికింది, త్రిభుజం పని అయిపోయింది. అలిసిపోయావు, వారం రోజులు సెలవు తీసుకో. హాయిగా నాలుగు పళ్ళు తిను, పాలు తాగు, మంచి గాలి పీల్చు."

"అలాగే సార్," అన్నాడు పిల్లి. "ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి."