నలభై నిమిషాల దూరం

“రెండువేల రెండువందల కిలోమీటర్లు నలభై నిమిషాల్లోనా? మీరమ్మేది విమానం టికెట్లా, తారాజువ్వలా?”

ఆమె నన్నడిగిన రెండో ప్రశ్న అది. మొదటిది, సముద్రం అవతల ఓ ఊరికి విమానంలో ఎంతసేపని. స్క్రీన్ మీద తొమ్మిదికి బయల్దేరి తొమ్మిదీ నలభైకి దిగుతుందని ఉంటే అదే చెప్పాను. మావయ్య ట్రావెల్ ఆఫీసులో చేరి నాకప్పటికి నాలుగు రోజులు.

“మరి తిరిగి రావడానికి?”

“పదకొండుకి ఎక్కితే సాయంత్రం నాలుగూ నలభై. అంటే... అయిదు గంటల నలభై నిమిషాలండీ.”

“ఏం, వచ్చేటప్పుడు దార్లో టీకి ఆపుతారా?”

నేను మళ్ళీ స్క్రీన్ చూసుకున్నాను. అద్దాల గదిలోంచి మావయ్య కేకేశాడు. “ఒరేయ్, అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనకరా! ఎటెళ్ళినా మూడు గంటల పది నిమిషాలే!”

ఆమె పకపకా నవ్వి వెళ్ళిపోయింది. టికెట్ కొనలేదు.

మర్నాడు మళ్ళీ వచ్చింది. శనివారం పొద్దున విమానం ఉందా? ఆ మర్నాడు, ఆదివారం తిరుగు విమానం ఎన్నింటికి? మూడు వారాలు ఇదే వరస. ఎదురుగా ఉన్న కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుందనీ, ఆ ఊరి బ్రాంచికి బదిలీ అయిందనీ తెలిసింది. ఆమె వెళ్ళిపోతుందంటే నాకు ముద్ద దిగడం లేదు. ప్రేమే, సందేహం లేదు. కానీ వెళ్ళే మనిషికి తిరుగు విమానాలెందుకు? అక్కడెవరైనా ఉన్నారా? ఇక్కడా? నా బుర్ర వేడెక్కిపోయింది.

శుక్రవారం వచ్చి కుర్చీ లాక్కుంది.

“సోమవారానికి నాకో టికెట్. వెళ్ళడానికే. ఇంకోటి వచ్చే నెల మొదటి శనివారానికి, రానూపోనూ.”

“అది ఎవరికండీ?”

“నన్ను చూడ్డానికి వచ్చేవాళ్ళకి. వస్తానంటేనే.”

“పేరు?” అన్నాను ఏడుపు దిగమింగుకుంటూ.

ఆమె తలొంచుకుంది. “మీ టేబుల్ మీదే ఉందిగా.”

చూశాను. నేమ్‌ప్లేట్. దాని మీదున్నది మావయ్య పేరు. మావయ్యకి యాభై నాలుగేళ్ళు, బట్టతల, పైగా అత్తయ్య.

“మా... మావయ్యా?”

“మావయ్యెవరు?” ఈసారి తెల్లమొహం ఆమెది.

మావయ్య గదిలోంచి వచ్చి నేమ్‌ప్లేట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. “ఇది నా పేరమ్మా. వీడి అత్తయ్య వింటే నన్ను విమానం లేకుండానే పంపించేస్తుంది. ఒరేయ్ మొద్దూ, ఆ టికెట్ నీ పేరు మీద కొట్టు. శనివారం సెలవు నేనిస్తాను.”

అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. “మూడు వారాలుగా నేను తలుచుకుంటున్నది మీ మావయ్యనా! మరి మీ పేరు?”

చెప్పాను. ఒకసారి పెదాల మీదే అనుకుని చూసుకుంది. “ఇదే బావుంది,” అంది.

“నేనొస్తాను. ప్రతి నెలా వస్తాను. మూడు గంటల పది నిమిషాలేగా.”

“కాదు. మొదటిరోజు మీరు చెప్పిందే కరెక్టు. నా దగ్గరికి రావడానికి నలభై నిమిషాలు. నన్నొదిలి వెళ్ళడానికే అయిదు గంటల నలభై.”

“మూడు గంటల పది నిమిషాలమ్మా!” అని, మళ్ళీ గదిలోకెళ్ళిన మావయ్య లోపల్నించి అరిచాడు. మేమిద్దరం వినిపించుకోలేదు.