రాంబాబు పడ్డ మూల

ఆ మూల పేరెత్తితే చాలు, మా వైపు కొబ్బరికాయలు దింపే దింపు కార్మికులు తాడు భుజానేసుకుని ఇంటిదారి పడతారు. రెట్టింపు కూలిస్తామన్నా ఆ చెట్లెక్కరు. నగరం అనే ఊరు దాటి కాలవ గట్టెమ్మట పోతే సత్యదుర్గారావు గారి కొబ్బరితోట వస్తుంది. ఆ తోటకి తూర్పు చివర, నీళ్ళ కోసం తవ్విన బోదె వంపు తిరిగేచోట... అదీ రాంబాబు మూల.

తొమ్మిదేళ్ళ కిందట శ్రావణమాసంలో దింపు రాంబాబు అక్కడి పొడుగు చెట్టు మీంచి బోదెలో పడిపోయేడు. పడ్డ సంగతి ఎవరికీ తెలీదు. నడుం విరిగి రాత్రంతా అక్కడే ఉన్నాడు పాపం. తెల్లారి చూసేసరికి ప్రాణం లేదు. అప్పట్నించీ చీకటి పడే వేళకి ఆ బోదెలోంచి మూలుగు వినపడుతుందని ఊరంతా అంటారు. నవ్వేవాళ్ళు నవ్వండి. నవ్వినవాళ్ళని ఒక్కసారి అటెళ్ళి రమ్మంటే ఒక్కడూ అరుగు దిగలేదు, అదీ చూసేను నేను.

సరే, మనుషులు మానేసేరు. రాలిన కాయలు రాలినచోటే మొలకలెత్తేయి. తుప్పలు నడుం దాకా పెరిగేయి. ఆ తుప్పల్లోకి అడవిపందులొచ్చి చేరేయి. దెయ్యమంటే మనకి భయం గానీ వాటికేం భయం! హాయిగా కాపరం పెట్టేసేయి. పొద్దుగూకేసరికి బయల్దేరి, పక్కనే దుర్గారావు గారు వేసిన కందచేలో పడి, దుంపలన్నీ తవ్వి పారేసేవి.

తుపాకీ పేలుద్దామా అంటే తోట పక్కనించే గ్యాసు పైపు పోతోంది. అక్కడ టపాకాయ కాల్చడానిక్కూడా వీల్లేదు. దుర్గారావు గారు తిరగని ఆఫీసు లేదు, ఎక్కని గడప లేదు. ఆఖరికి ఒక పందిని బాణంతో కొట్టుకోవచ్చని కాగితం తెచ్చుకున్నారు. ఆ కాగితానికి గడువు నేను చెప్పబోయే రోజుతో ఆఖరు.

బాణమెయ్యడానికి వచ్చినవాడు శ్యామ్ బాబు. రాజోలు దగ్గర స్కూల్లో ఆటల మాస్టారు. విలువిద్యలో మెడల్సు ఉన్నాయి. కానీ వేట నేర్పింది మాత్రం కోచ్‌లు కాదు, చింతూరు వైపు కొండల్లో ఒక ముసలాయన. ఆయన నాలుగే నాలుగు మాటలు చెప్పేడు. జంతువు నీకు పక్కకి తిరిగి నిలబడాలి. ముందుకాలు ముందుకెయ్యాలి. ఆ కాలి వెనకున్న పక్కటెముకలు నీ కంటికి తేటగా ఆనాలి. దాని వెనకేముందో నీకు తెలియాలి. నాలుగింట్లో ఒకటి తక్కువైనా వింటితాడు వదలకు.

ఒక్కసారి వదిలేడు శ్యామ్ బాబు. కుర్రతనం, పక్కన స్నేహితులు, సరిగ్గా ఇలాంటి మసక వెలుతురు. బాణం పొట్టలో దిగింది. పంది పారిపోయింది. రెండు రోజులు నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ వెళ్తే వాగులో కనపడింది... ఇంకా బతికే ఉంది. చీమలు పట్టేసేయి. ఆ కళ్ళు ఇతన్ని చూసేయి. ఆ తరవాత ఆరునెలలు విల్లు ముట్టుకోలేదు.

ఇదంతా చెప్పి, "నాలుగూ కుదరకపోతే కొట్టనండీ, ముందే చెప్తున్నాను," అన్నాడు దుర్గారావు గారితో.

"ఆయ్. అలాగేనండి మాస్టారండీ. మరి మీరు కొట్టకపోతే రాత్రికే కరెంటు పెట్టేస్తానండి," అన్నారాయన, ఎంతో మర్యాదగా. "ఆ మూల చుట్టూ తీగ లాగేసే ఉంచేను. షెడ్డులో స్విచ్చి నొక్కడమే తరవాయి."

శ్యామ్ బాబు రెండు చేతులూ అడ్డంగా ఊపేడు. "అయ్యయ్యో, అంత పని చెయ్యకండి. పందేమో గానీ మనుషులు పోతారు!"

"ఆ మూలకి మనిషెవడొస్తాడండీ!" అని నవ్వేసేరు దుర్గారావు గారు.

ఇంక చేసేదేముంది? ఇవాళ పంది పడాలి. పడకపోతే తీగలోకి కరెంటొస్తుంది. ఏ గేదెలు కాసేవాడో, ఏ పిల్లాడో బంతి కోసం వచ్చి కాలేస్తే... ఆ పాపంలో తనకీ వాటా ఉంటుంది. ఇవాళెలాగైనా కొట్టి తీరాలనుకున్నాడు శ్యామ్ బాబు.

సాయంత్రం ఆరుకల్లా ఇద్దరూ మోటారు షెడ్డు పైకెక్కి కూర్చున్నారు. అక్కణ్ణించి బోదె మూల ఇరవై గజాలుంటుందేమో. తుంపర పడి ఆగింది. గాలి మూల వైపు నించి మొహం మీదకి కొడుతోంది. అది మంచిదే, మన వాసన పందికి తగలదు. దోమలు మాత్రం పీక్కు తింటున్నాయి. చంపడానికి చెయ్యెత్తితే చప్పుడవుతుందని ఇద్దరూ పళ్ళు బిగబట్టుకు కూర్చున్నారు.

ఆరుంపావయింది. ఏమీ లేదు.

ఆరున్నర. కొబ్బరాకుల్లో వెలుతురు సన్నగిల్లింది. ఇంకో పావుగంట పోతే బాణం ములుకే కనపడదు.

అప్పుడు వినపడింది.

"మ్...హ్..."

బోదెలోంచే. కిందనించి, బురదలోంచి వచ్చినట్టు... సన్నగా మొదలై, సాగి, తెగిపోయింది. దుర్గారావు గారు శ్యామ్ బాబు మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"విన్నారా..."

"పందేనండి. బురదలో పొర్లుతోంది. కదలకండి," అని గొణిగేడు శ్యామ్ బాబు. అన్నాడే గానీ, పంది అలా మూలగ్గా తనెప్పుడూ వినలేదు.

మళ్ళీ మూలిగింది. ఈసారి ఇంకాస్త పొడుగ్గా. దాని వెంటనే అంతా సద్దుమణిగిపోయింది. కప్పలు కూడా ఊరుకున్నాయి.

ఒక నిమిషం... రెండు నిమిషాలు...

ఎండుమట్టల మీద బరువుగా అడుగు పడింది. అటు తోటలోపల్నించి, తుప్పలు తోసుకుంటూ నల్లటి ఆకారమొకటి వచ్చింది. వంగిపోయి ఉంది. వీపు గూనిగా ఎత్తుగా ఉంది, తల నేలకి ఆనించుకుంది. గరగరమని మట్టలు లాగుతోంది, నేల కెలుకుతోంది. మధ్యమధ్యలో ముక్కుతున్నట్టు గురుగురుమంటోంది.

"అదేనండీ!" దుర్గారావు గారి ఊపిరి చెవిలో వేడిగా తగిలింది. "కొట్టండి... కొట్టండి మాస్టారండీ..."

శ్యామ్ బాబు విల్లెత్తేడు. తాడు చెంపదాకా లాగేడు. దేవుడి దయ, పక్కకే తిరిగుంది! వెనకాల బోదె గట్టు, మట్టి. బాణం దూసుకుపోయినా ఎవరికీ తగలదు. రెండు కుదిరేయి. భుజం కింద గురి నిలబెట్టేడు. ఇంక ముందుకాలు కనపడితే చాలు.

కాలేదీ?

కళ్ళు చిట్లించేడు. వీపుంది, తలుంది. కిందంతా ఒకటే నలుపు, నేల మీదకి జారిపోయి ఉంది. ముందుకాళ్ళు లేవు. వెనక్కాళ్ళూ లేవు.

కాళ్ళు లేకుండా అది కదులుతోంది.

శ్యామ్ బాబు ఆదివారం చర్చికెళ్ళేవాడు, దెయ్యాల మాటలు కొట్టిపారేసేవాడు. అయినా సరే ఆ క్షణాన పెదాల మీద ప్రార్థన దానంతటదే వచ్చేసింది.

దుర్గారావు గారూ చూసేరు.

"రాంబాబు..." అన్నారు. "కాళ్ళు... కాళ్ళు లేవండీ... కొట్టెయ్యండి! పందైతే పందే, దెయ్యమైతే దెయ్యమే... మీ కాళ్ళు పట్టుకుంటాను, కొట్టెయ్యండి!"

భుజం నరాలు లాగేస్తున్నాయి. చెంప దగ్గర వేళ్ళు వణకడం మొదలెట్టేయి. వెలుతురు ఇంకో రెండు నిమిషాలుంటుందేమో. కొడితే అన్నీ తీరిపోతాయి. పందయితే చస్తుంది. దెయ్యమైతే బాణం గట్టులో దిగుతుంది, ఎవరికీ నష్టం లేదు. కొట్టకపోతే ఆ తీగ... ఆ స్విచ్చి... వదిలెయ్, వదిలెయ్ అంటోంది మనసు.

కానీ కాలు కనపడలేదు. పక్కటెముకలు ఎక్కడున్నాయో తెలీదు. నిజం చెప్పాలంటే, ఎదురుగా ఉన్నదేమిటో తనకి తెలీనే తెలీదు. తెలీని దాని మీద బాణం వెయ్యనని వాగు ఒడ్డున ఆ పంది కళ్ళముందే ఒట్టేసుకున్నాడు.

లాగిన తాడు వదలడం చిటికెలో పని. వదలకుండా వెనక్కి దింపడానికే ప్రాణం పోతుంది. శ్యామ్ బాబు అంగుళం అంగుళం దింపేసేడు.

"నా వల్ల కాదండీ," అన్నాడు. "ఫోను లైటెయ్యండి."

"లైటా! వద్దండీ బాబూ, నన్ను చూస్తాడు..."

"వెయ్యండి!"

దుర్గారావు గారు జేబులోంచి ఫోను తీసేరు. చేతిలోంచి జారిపోబోతే శ్యామ్ బాబే అందుకుని లైటు వేసి అటు తిప్పేడు.

తెల్లటి వెలుతురులో ఆ ఆకారం తలెత్తింది.

నెత్తిమీంచి నేలదాకా తడిసిన గోనెపట్టా కప్పుకుని ఉంది. చేతిలో ఎండుమట్ట. గోనె అంచు కింద ముగ్గుబుట్టలాంటి తల, ముడతలు పడ్డ మొహం, వెలుతురుకి మూసుకున్న కళ్ళు.

"ఎవర్రా అది, కళ్ళలో లైటేసేది!"

"అమ్మా!" అని ఒక్క కేక పెట్టేరు దుర్గారావు గారు.

లోవమ్మ గారు! కన్నతల్లి! సాయంత్రమైతే రామాలయం అరుగు మీద కూర్చొస్తానని ఇంట్లో చెప్పి వెళ్ళే మనిషి. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఒంగిన నడుంతో, మట్టలీడ్చుకుంటూ, ఊళ్ళో మగాళ్ళు తొంగిచూడని చోట నేల శుభ్రం చేస్తోంది.

షెడ్డు మీంచి ఎలా దిగేరో దుర్గారావు గారికే తెలీదు. దిగి రెండడుగులేసి ఆగిపోయేరు. తను లాగించిన తీగ, నేలకి జానెడెత్తున, ఆవిడ పాదాలకి బెత్తెడు దూరంలో మెరుస్తోంది. గోనె అంచు దాని మీదే పడుంది. ఇంకో గంటాగి వచ్చుంటే...

మనిషి కూలబడిపోయేరు. ఆనక లేచి ఆ తీగని రెండు చేతుల్తో పెరికి, గుంజలతో సహా లాగి, చుట్టచుట్టి బోదెలోకి విసిరేసేరు. అరచేతులు కోసుకుపోయి నెత్తురు కారుతున్నా ఆగలేదు. "ఎంత పని చేసేనే అమ్మా... పందనుకున్నానే... కొట్టమన్నానే నిన్ను..." అని తల్లి కాళ్ళ దగ్గర భోరుమన్నారు. శ్యామ్ బాబు విల్లు కింద పెట్టేసి, తనకీ కళ్ళు తడవడంతో అటు తిరిగి నిలబడ్డాడు.

కాసేపటికి దుర్గారావు గారు మొహం తుడుచుకున్నారు. ఏడుపులోనే కాస్త నవ్వొచ్చింది ఆయనకి.

"అయితే ఇన్నేళ్ళూ ఊరందర్నీ హడలగొట్టిన మూలుగు నీదేనన్నమాట!"

లోవమ్మ గారు కొడుకు మొహంలోకి వింతగా చూసేరు.

"నాదెందుకవుతుందిరా?"

ఆవిడ బోదె వైపు చెయ్యి చూపించేరు.

"చెట్టు జారుతుందండీ, రేపెక్కుతానండీ అన్నాడు రాంబాబు ఆ రోజు. రేపు వ్రతమైతే కాయలెలా, ఎక్కాల్సిందేనన్నాను. ఎంతసేపటికీ కాయలు రాలేదు. కల్లుపాకకి పోయుంటాడని నోరారా తిట్టుకున్నాను." ఆవిడ గోనెపట్టా దగ్గరికి లాక్కున్నారు. "ఆ రాత్రి మనింటిదాకా మూలుగు వినపడింది దుర్గా. నేను విన్నాను. పందేదో మూలుగుతోందిలే అని తలుపేసుకున్నాను."

ఆవిడ చేతిలో మట్ట పక్కన పడేసేరు.

"అందుకే, ఇప్పుడు వినపడ్డప్పుడల్లా వచ్చి పక్కన కూర్చుంటున్నాను. ఇవాళా వినపడితేనే కదా వచ్చేను!"

మూలుగు ముందొచ్చింది, బోదెలోంచి. ఆవిడ తరవాతొచ్చేరు, తోటలోపల్నించి. శ్యామ్ బాబుకి ఆ సంగతి అప్పుడు తట్టింది.

లోవమ్మ గారు శుభ్రం చేసుకున్న నేల మీద నెమ్మదిగా చతికిలబడి, బోదె వైపు తిరిగి కూర్చున్నారు.

"ఇంక ఆ లైటార్పి మీరిద్దరూ ఇంటికెళ్ళండి బాబూ," అన్నారు గొంతు తగ్గించి. "కొత్తవాళ్ళుంటే వాడు మొహమాటపడి ఊరుకుంటాడు."