కుక్క అడ్డొచ్చిందని చెప్పు

గోపన్‌పల్లి వైపు గుట్టను పగలగొట్టి వేసిన రోడ్డులో ఒక మలుపుంది. పగలు చూస్తే అక్కడేమీ ఉండదు. ఒకపక్క బండరాళ్లు, ఇంకోపక్క లోతైన వానకాలవ, ఆ అవతల సగంలో ఆగిపోయిన అపార్ట్‌మెంటు. చీకటి పడితే మాత్రం క్యాబ్‌లు నడిపేవాళ్లు అక్కడ అద్దాలెక్కించి పాట సౌండు పెంచేస్తారు. "గాడ ఎవరు చెయ్యెత్తినా ఆపకు..." కొత్త డ్రైవరుకి పాతవాళ్లు చెప్పే మొదటి మాట అదేనట.

దేవిశ్రీ కూడా ఆ మాట విన్నది. విని నవ్వేసింది. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ ఐటీ కొలువులో కుదురుకున్న మనిషి. నడిరాత్రి సర్వర్ పడిపోవడం కన్నా భయపడాల్సింది ఏముంటుంది అనేది.

ఆ రాత్రి ఆఫీసులో పని తెమిలేసరికి బాగా పొద్దుపోయింది. తన కారులో ఒక్కతే బయల్దేరింది. ఒకటే వాన. వైపర్లు ఎంత తుడిచినా ముందున్న రోడ్డు కంటికి ఆనడం లేదు. మలుపు తిరిగింది...

ఎదురుగా — ఆడమనిషి.

నడిరోడ్డు మీద, రెండు చేతులూ బారచాచి, కదలకుండా... లైట్ల వెలుగు మొహాన పడినా రెప్పయినా వెయ్యకుండా...

దేవిశ్రీ స్టీరింగు ఒక్కసారిగా పక్కకి తిప్పేసింది. ధన్‌మని చప్పుడు. ఎయిర్‌బ్యాగ్ మొహం మీద కొట్టింది. ఆ తర్వాత వాన హోరు తప్ప ఇంకేం లేదు.

తలుపు తోసుకుని దిగింది. కారు ముందుభాగం బండకి గుద్దుకుని నుజ్జయిపోయింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

భర్తకి ఫోన్ చేసింది.

"తేజా... గుద్దేశాను. గుట్ట మలుపులో... ఎవరో అడ్డొచ్చారు."

"నీకు దెబ్బలు తగల్లేదు కదా? ముందు ఇంజన్ ఆపు. హజార్డ్ లైట్లు వేసి రోడ్డుకి దూరంగా నిలబడు. కారు కదపకు, నలువైపులా ఫొటోలు తియ్యి. నేను బయల్దేరుతున్నా. ఇన్సూరెన్సు వాళ్లకి దారిలో నేను చెప్తా." గొంతు తగ్గించాడు. "దేవీ... ఎవరడిగినా కుక్క అడ్డొచ్చిందని చెప్పు. మనిషని అనకు. పోలీసులూ, కేసూ... క్లెయిము ఎటూ తేలదు."

"ఆవిడకి తగిలుంటే?"

"అక్కడెవరైనా ఉన్నారా?"

"లేరు."

"మరింకేం? లేరనుకో."

ఫొటో తీయడానికి చెయ్యెత్తింది. ఫ్లాష్ మెరిసింది. అప్పుడు వినిపించింది...

మూలుగు.

కాలవలోంచి. సన్నగా, ఆగి ఆగి...

కార్లోకి దూరి తలుపులు బిగించుకుందామని ఒక అడుగు అటు వేసింది కూడా. కానీ — తన కారే తగిలి ఆవిడ కింద పడుంటే? ఆ ఆలోచన ముందు దెయ్యం భయం నిలవలేదు. ఫోను లైటు వేసుకుని, రాళ్లు పట్టుకుని కిందికి దిగింది.

ఆడమనిషి కాదు. సెక్యూరిటీ యూనిఫాంలో ఉన్న పెద్దాయన. మోపెడ్ కాలి మీద పడి ఉంది. వాననీళ్లు ఛాతీ దాకా వచ్చేశాయి.

"ఒచ్చినవా బిడ్డా..." అన్నాడు నీరసంగా. "డ్యూటీకి పోతా పోతా పడ్డ. ఎన్ని బండ్లు పోయినయో... ఎంత ఒర్లినా ఒక్కడు ఆగలే."

"మీ పేరేంటి బాబాయ్? కళ్లు ముయ్యకండి, నాతో మాట్లాడుతూ ఉండండి." అంటూనే 108కి ఫోన్ కలిపింది.

"పోచయ్య..."

"పైన ఒకావిడ కనిపించింది. మీ మనిషేనా?"

"ఎవరో నాకెరుక లేదు. దిగొచ్చి, నా తలకాయ నీళ్లల్ల మునగకుంట పట్టుకున్నది. ఇగ ఏదన్న బండి ఆపుతా అనుకుంట... పైకి పోయింది."

దేవిశ్రీకి ప్రాణం లేచొచ్చింది. దెయ్యమూ కాదు, భూతమూ కాదు. సాయం కోసం రోడ్డుకి అడ్డంగా నిలబడ్డ ఒక ధర్మాత్మురాలు!

మరి... ఏదీ?

తేజ వచ్చాడు. అంబులెన్సు వచ్చింది, వెనకాలే పోలీసులు. ఇంకాస్త ఆలస్యమైతే నీళ్లు ముక్కు దాకా వచ్చేవన్నారు పోచయ్యని పైకి తెచ్చినవాళ్లు. పోలీసులు కాలవంతా, రాళ్ల సందులన్నీ, ఆ మొండి భవనమూ తెల్లారేదాకా వెతికారు. ఎవరూ దొరకలేదు.

పోచయ్య దవాఖానలో కోలుకుంటున్నాడు. దేవిశ్రీకే నిద్ర లేదు. కళ్లు మూస్తే చాచిన ఆ చేతులే.

కారు గ్యారేజీకి చేరాక, ఇన్సూరెన్సు కంపెనీ తరఫున రమేష్ అనే సర్వేయరు నష్టం లెక్కగట్టడానికి వచ్చాడు. బానెట్టు ఎత్తి చూసి, ఫొటోలు తీసుకుని అడిగాడు.

"ఎట్ల అయింది మేడం?"

"కుక్క అడ్డొచ్చిందండి," అని తేజ అందుకున్నాడు.

"కుక్క కాదు," అంది దేవిశ్రీ. "ఆడమనిషి. క్లెయిము రాకపోతే పోనీండి. ఆవిణ్ణి నేను కుక్కని చెయ్యలేను."

తేజ తల తిప్పుకున్నాడు. రాస్తున్న రమేష్ చెయ్యి ఆగిపోయింది. నుజ్జయిన బంపరు వైపు చూశాడు.

"చేతులు... గిట్ల రెండు దిక్కులా చాపి నిలబడ్డదా?"

దేవిశ్రీ తలూపింది.

"పోయిన వానకాలం గదే మలుపుల నా కారు గుద్దుకున్నది మేడం," అన్నాడు గుసగుసగా. "కుక్క అని చెప్పిన."

దేవిశ్రీ ఒకడుగు ముందుకేసింది. "కిందికి... దిగి చూశారా?"

రమేష్ తల అడ్డంగా ఊపాడు.

"కాలవలకెల్లి మూలుగు ఇనబడ్డది మేడం... దెయ్యమనుకున్న."