చప్పట్లు విన్న గదులు

"చప్పట్లు కొట్టండి. ఒక్కసారే, గట్టిగా."

లైనులో అవతలున్న ఆవిడ కొట్టింది. ఆ ప్రతిధ్వనిని బట్టి యంత్రం హైమ తెర మీద గది పటం గీసింది. మంచం, బీరువా, ఒక మనిషి. బీరువా పక్కన ఇంకో మనిషి.

"బీరువా పక్కన ఎవరండీ?"

"ఎవరూ లేరే!"

"మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు."

"మా అత్తగారండీ. బట్టలు మడతపెడుతున్నారంతే."

"ఆవిడ బయటికి వెళ్ళాక మళ్ళీ రండి." హైమ ఎర్ర మీట నొక్కింది.

పదకొండేళ్ళుగా ఇదే పని. ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌కి మొదటిసారి వచ్చే అర్జీదారు ఒంటరిగా ఉన్నాడని హైమ తేల్చాకే కౌన్సెలర్ తెర తెరుచుకుంటుంది. ఒంటరిగా ఉన్నామని ఎంతమంది ఒట్టేశారో! తలుపు వెనక మొగుడు, మంచం కింద చెల్లెలు. మనుషుల్ని నమ్మడం ఆమె ఎప్పుడో మానేసింది. పక్క బూత్‌లో జైబున్నీసా అయితే గోడ గడియారాన్ని కూడా అనుమానిస్తుంది.

తర్వాతి అర్జీదారు బూరాడ సింహాచలం. సాగర గోపురంలో మూడువందల అంతస్తుల పైన క్రేన్ నడుపుతాడు. అతని చప్పట్లు ఒకటి కాదు, చిన్నగా రెండు వినిపించాయి. చేతులు వణికితేనే అలా వస్తుంది. వణికే చేతులకి ఎత్తు ముద్ర, అంటే ఎత్తులో పని చేయొచ్చన్న అనుమతి, ఉండదు, ముద్ర లేకపోతే గోపురం ఎక్కనివ్వరు. హైమ ఆ ముక్క పైకి అనలేదు. పటంలో ఒక్క మనిషే ఉన్నాడు.

"మొదటి రోజే అన్నీ చెప్పక్కర్లేదండీ. యాభై నిమిషాలు ఉంటుంది, చెప్పాలనిపించిందే చెప్పండి. లైను తెగితే మేమే పిలుస్తాం. కౌన్సెలర్ నచ్చకపోతే మార్చమనండి, ఎవరూ ఏమీ అనుకోరు. మీరు చెప్పింది గది దాటదు."

"దాటదని మీకెలా తెలుసమ్మా?"

"నియమం అండీ."

"నియమాలు మా కాడా ఉన్నాయి. ఏదన్నా దాటిందనుకోండి, నా ఎత్తు ముద్ర పోద్ది. ఇరవయ్యేళ్ళుగా నాకొచ్చిన పని అదొక్కటే." గొంతు తగ్గించాడు. "నన్ను కొట్టమన్నారు గదా. మీరూ ఓపాలి కొట్టండి."

చాదస్తం అనుకుంది హైమ. ఇటువైపు నుంచి ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు. ఎందుకు కొడతారు? అయినా అడిగాడు కదా అని కొట్టింది.

అర్జీదారు చప్పట్లకి అర్జీదారు గదినే చూపించాలని యంత్రానికి నేర్పారు. హైమలాంటి పరీక్షకురాలు కొడితే ఏం దాచాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. చప్పుడు చేరిన గదులన్నిటికీ అది పటాలు గీసేసింది. మొదటిది హైమ బూత్. రెండోది సింహాచలం గది. మూడోది పెద్ద గది, పొడుగాటి బల్ల, మధ్యలో ఒక స్తంభం, బల్ల చుట్టూ ఆరుగురు.

తెర అడుగున పైఅధికారి మాట మెరిసింది. 'నాణ్యత కోసం వింటున్నారు. మామూలే. అర్జీదారు ఒంటరేనని ధ్రువీకరించండి.'

హైమకి ఒళ్ళు మండింది. పదకొండేళ్ళు! బట్టలు మడతపెట్టుకునే అత్తగార్లని గదుల్లోంచి వెళ్ళగొట్టింది ఈ ఆరుగురి కోసమా? గది దాటదని రోజుకి ముప్ఫైసార్లు చెప్పింది తనే. సిగ్గేసింది.

"ఏటమ్మా, మాటాడరేటి?"

ఆమె మూడో పటాన్ని అతని తెర మీదకి నెట్టింది. "ఈ గది మీకేమైనా తెలుసా?"

అతను తెర దగ్గరికి జరిగిన చప్పుడైంది.

"మధ్యలో స్తంభం ఉన్న గది మా గోపురం కాడ ఒకటే ఉంది. ఏటేటా ముద్ర ఏసేది అక్కడే." ఆగాడు. "కౌన్సెలింగ్‌కి ఎల్లు, మనసు ఇప్పి సెప్పుకో, పరవాలేదు అన్నదీ అక్కడే."

"ఇంకేమీ చెప్పకండి," అంది హైమ. "మీరు చెప్పుకోవాల్సింది చెప్పుకుందురుగాని. ఎవరూ వినని చోటు చూసి నేనే పిలుస్తాను."

"మరి మీ ఉజ్జోగం?"

హైమ ఎర్ర మీట నొక్కింది. కారణాల పట్టీలో ఒకటే ఉంది, 'అర్జీదారు గదిలో ఇతరులు.' అది చెరిపేసి 'మన గదిలో ఇతరులు' అని రాసింది. తర్వాత, లైను తెగేలోపు, రోజూ వాడే గొంతుతోనే అంది.

"స్తంభం ఉన్న గదిలో కూర్చున్నవాళ్ళు దయచేసి బయటికి వెళ్ళండి. వెళ్ళారో లేదో చూస్తాను."

చప్పట్లు కొట్టింది. ఆరుగురు. మళ్ళీ కొట్టింది. ఐదుగురు.

జైబున్నీసా అడ్డగోడ మీంచి తొంగిచూసింది. "ఏంటే, నువ్వు కొడుతున్నావు?"

హైమ తెర అటు తిప్పింది. జైబున్నీసా మూడు పటాలూ చూసింది. తన కుర్చీలో కూలబడింది. అక్కడ ఆమె అర్జీదారు పిలుస్తోంది.

"ఉన్నారా అమ్మా? చప్పట్లు కొట్టమంటారా?"

"ఉండండి," అంది జైబున్నీసా. "ముందు నేను కొడతాను."