నిండు సీసా

పొద్దున్నే కూతురి బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి చూడగానే తల్లికి ఒళ్ళు మండేది. ముందురోజు నింపి పంపింది నింపినట్టే తిరిగొచ్చేది.

"నీళ్ళు తాగడానిక్కూడా తీరిక లేని ఉద్యోగమేంటే?"

"తాగితే బాత్రూముకి పోవాలి కదమ్మా" అని నర్సు కూతురు నవ్వేసేది.

ఇప్పుడా తల్లే కాలు విరిగి, కూతురి వార్డులోనే మంచం పట్టింది. కన్నకూతురే నర్సు, ఇంక దిగులేమిటన్నారు చుట్టాలు. పేరుకే నర్సు! పొద్దంతా మందుల కౌంటర్ దగ్గర నిలబడాలి, ల్యాబుకి ఫోన్లు చెయ్యాలి, కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఉతికిన దుప్పట్లు చాలక నర్సులు అల్మారా వెనక రెండు దాచుకుంటే, అవి కూడా పక్క వార్డువాళ్ళు ఎత్తుకుపోయేవారు. మంచాల దగ్గర నిలబడేందుకు ఆమెకు మిగిలేది ఏ కాస్త సేపో.

ఆ రోజు ఆమె అన్న వచ్చేసరికి తల్లి పెదాలు ఎండిపోయి, మాట తడబడుతోంది. ఒంట్లో నీరు లేదని డాక్టరు సెలైన్ పెట్టించి వెళ్ళాడు.

"ఊరందరికీ సేవ చేస్తావ్, అమ్మకి గుక్కెడు నీళ్ళు పట్టలేవా?" అన్న అరుపుకి వార్డంతా తిరిగి చూసింది.

"గ్లాసు పక్కనే పెట్టి వెళ్ళానన్నయ్యా. ఆ చివరి మంచానికి రక్తం తేవాలని..."

"ఎప్పుడు చూడు, ఏదో తేవడానికే పోతావ్! అది నర్సు పనా?"

"తెచ్చేవాళ్ళని తీసేశారు. పని మాత్రం మిగిలింది."

"దాన్నేమీ అనకురా" తల్లి నీరసంగా అంది. "నేనే తాగలేదు. తాగితే బెడ్‌పాన్ కావాలి, బెల్లు కొట్టాలి. పొద్దుట్నుంచి చూస్తున్నా, దాని కాలు ఒక్కచోట నిలిస్తే ఒట్టు. నేను కూడా పిలవాలా?"

తను నవ్వుతూ అన్న మాట తల్లి నోట విని కూతురు మంచం అంచున కూలబడింది. ఏడుపు ఆగలేదు. ఎన్నిసార్లు దాహం వేసి ఉంటుందో, గ్లాసు చూసి ఎన్నిసార్లు మొహం తిప్పుకుని ఉంటుందో.

అన్న చెల్లెలి బ్యాగులోంచి సీసా తీసి మూత విప్పి ఆమె చేతికిచ్చాడు.

"ముందు నువ్వు తాగు" అంది తల్లి.

ఏడుస్తూనే తాగింది. సగంలో ఉండగా చివరి మంచం నుంచి బెల్లు మోగింది. సీసా అన్న చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ లేచింది.

"వెళ్ళు. మిగతావి నేను తాగుతాలే" అంది తల్లి. "ఈసారి బెల్లు కొడతాను."